మూడో పిన్ను

మారతహళ్లి, నాలుగో క్రాసు.
మూడంతస్తులకి అనుమతి తెచ్చుకుని ఆరు లేపిన లేడీస్ పీజీ.
పొద్దున ఆరున్నరకి ఫోను:
"అన్నా, తొందరగా రా. మూడు వందల నాలుగు."

నేను పోయేసరికి
స్టీలు బకెట్టు ఒక పక్కకి ఒరిగి ఉంది.
నీళ్లు గడప దాటి వచ్చి చెప్పుల దగ్గర ఆగాయి.
హీటరు రాడ్డు కొక్కేనికి వేలాడుతోంది
ఏమీ ఎరగని పిల్లకాయలాగా.

మంచం మీద ప్రసూన.
చూపుడువేలి కింద తెల్లటి మచ్చ, అంచు నల్లగా.
"కాలలేదన్నా, పట్టుకుంది.
వదలాలని నాకుంది. చేతికే లేదు."

వైరింగోళ్లం మేము కరెంటుని రెండు రకాలుగా చెప్పుకుంటాం:
తన్నేది, పట్టేది.
తన్నితే అవతల పడతావు,
మోచెయ్యి గీసుకుంటావు, లేచి తిట్టుకుంటావు.
పట్టిందా,
నీ పిడికిలే నీకు సంకెల.

"మచ్చ చిన్నదే కదా అనుకోవద్దు,
లోపల గుండె దాకా దారి చేసుకునుంటుంది" అని
వార్డెన్ని తోడిచ్చి ఆటోలో ఆస్పత్రికి పంపించాను.

మెట్ల మీద షాహీన్ ఏడుస్తోంది.
పక్కమంచం పిల్ల. నంద్యాల.
ప్రసూన కేక విని
ఆమె వైపు కాక తలుపు వైపు పరిగెత్తిందట,
వరండా చివర మెయిను దించడానికి.
"ఫ్రెండు పోతావుంటే బయటికి ఉరికింది" అని
ఫ్లోరంతా గుసగుస.

ముళబాగిలు దగ్గర మా ఊళ్లో
వానకి తడిసిన స్టార్టరు పెట్టెకి మా మామ అతుక్కుపోతే
మా అత్త పరుగున వచ్చి వెనకనించి వాటేసుకుంది.
ఇంకేం చేస్తుంది, పెళ్లాం కదా.
తీగకి వావివరసలు తెలీవు.
ఎన్ని చేతులు కలిస్తే అంత పొడుగవుతుంది.
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
ఫ్యూజు ఎక్కడుందో నాకు తెలుసు.
అయినా "అత్తా" అని అరిచాను.
అరిచాను, అంతే.

ఇదంతా షాహీన్‌కి చెప్పలేదు.
"మెయిను అందకపోతే ఏం చేసేదానివి?" అన్నాను.
"చెప్పులేసుకుని, ఎండిన చీపురుకట్టతో రాడ్డు వైరు లాగేదాన్ని."
"మరి ఏడుపెందుకు?"
ఓణీ అంచుతో ముక్కు తుడుచుకుంది.

సాకెట్టు విప్పాను.
పై రంధ్రం వెనక ఖాళీ.
పచ్చ తీగ సగంలో తెగి, చుట్టుకుని,
ఎక్కడికీ పోని దారిలాగా పడుకుని ఉంది.
ప్లగ్గుకి మూడో పిన్ను విరగ్గొట్టేశారు,
రెండు కన్నాల బోర్డులో పట్టాలని.
అన్నిట్లోకీ పొడుగు పిన్ను అది.
అందరికంటే ముందు లోపలికి పోయి
అందరూ వచ్చేశాక బయటికొచ్చేది.

కిందికి పోయి ఓనరు చంద్రప్పని అడిగాను:
"సార్, ఎర్త్ ఎక్కడ?"
"ఏందది?"
"భూమి సార్, భూమి."
"భూమా? ఈ లైన్లో అడుగు పన్నెండు వేలు. నీకెందుకు?"

గుంట దొరికింది, పార్కింగు టైల్సు కింద.
దాని మీద ఎవరిదో బుల్లెట్టు బండి.

మధ్యాహ్నానికి టైల్సు పగిలాయి.
బొగ్గు, ఉప్పు, రాగి పలక.
గోడలో కొత్త పచ్చ తీగ.
ముప్పై మిల్లీ దగ్గరే పడిపోయే ట్రిప్పు స్విచ్చి.
రాడ్డుని మాత్రం నా సంచిలో వేసుకున్నాను.
చంద్రప్ప బిల్లు రెండుసార్లు చదివాడు.
"ఉప్పు కూడానా? సాంబారు పెడతావా?"

నాలుగున్నరకి ప్రసూన తిరిగొచ్చింది,
గుండె బొమ్మ గీసిన పొడుగాటి కాగితంతో.
గీత సమంగానే ఉందట.
ఆ కాగితం షాహీన్‌కి ఇచ్చి నిద్రపోయింది.

పోతూ పోతూ చెప్పాను:
"ఎండాకాలం ఈ గుంటకి వారానికో బిందె నీళ్లు పొయ్యాల.
ఎండిపోతే అది పని చెయ్యదు. ఎవరు పోస్తారు?"

చంద్రప్ప బోరు లెక్క వేసుకుంటున్నాడు.
వార్డెన్ ఫోను చూసుకుంటోంది.

"నేను" అంది పై మెట్టు మీద నించి షాహీన్,
కాగితం మడత పెడుతూ.